‘పాస్ అవుట్’ అంటే చదువు ముగించడమా, స్పృహ తప్పడమా?

ప్రశ్న: కాకినాడ సివిల్

అందరికీ నమస్కారం. అమెరికాలో ఎం.ఎస్. చదవడానికి దరఖాస్తు చేసుకుంటున్నాను. నా చదువు గురించీ, ఇకపై చేయదలచిన పని గురించీ రెండు పేజీల వ్యాసం రాసి పంపాలి కాబట్టి, ముందుగా దాన్ని డాలస్‌లో ఉంటున్న మా బావగారికి చూపించాను. మొదటి పేరాలోనే ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022 అండ్ జాయిన్డ్ ఎ కన్‌స్ట్రక్షన్ ఫర్మ్’ అని రాసుకున్నాను. ఆయన ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, పక్కన తెలుగులో ‘2022లో కళ్ళు తిరిగి పడిపోయి, లేచి ఉద్యోగంలో చేరావన్నమాట’ అని రాసి తిప్పి పంపారు.

నవ్వుకున్నాను గాని, ఆ తరువాత ఆలోచనలో పడ్డాను. మా కాలేజీలో అధ్యాపకుల దగ్గర నుంచి ప్లేస్‌మెంట్ విభాగం వరకు అందరూ ఈ మాటే వాడేవారు. ఉద్యోగ ప్రకటనల్లో ‘2022 పాసవుట్స్ మాత్రమే’ అని ఉంటుంది. ఇంట్లో అమ్మ కూడా ‘మా అమ్మాయి ఇంజనీరింగ్ పాసవుట్ అయింది’ అనే చెబుతుంది. ఇంతమంది కలిసి ఒకే తప్పు చేస్తున్నారా? నిఘంటువు తెరిస్తే స్పృహ కోల్పోవడం అనే అర్థం ఇచ్చి, దాని తరువాత సైనిక శిక్షణ గురించి ఏదో చెప్పారు. ఇంకొక సందేహం కూడా ఉంది. ‘పాస్’ అంటే దాటడం లేదా గడవడం, ‘అవుట్’ అంటే బయట. ఈ రెండింటిలో దేనిలోనూ స్పృహ ఊసే లేనప్పుడు, రెండూ కలిస్తే మూర్ఛ ఎక్కడి నుంచి వచ్చింది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: పాత పంతులు

మీ రెండవ సందేహంతో మొదలుపెడతానమ్మా, ఎందుకంటే అది తేలితే మొదటిది దానంతట అదే తేలుతుంది.

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినవాడిగా నేను గమనించిన సంగతి ఒకటుంది. ఫ్రేజల్ వెర్బ్, అంటే క్రియకు ‘అవుట్’ వంటి చిన్న మాట చేరి ఏర్పడే జంట, ఎదురైతే మన పిల్లలు రెండు ముక్కలకూ విడివిడిగా అర్థం చూసి, కూడిక చేసి, లెక్క తేలక బెంబేలెత్తుతారు. తెలుగులో మాత్రం అలాంటి కూడిక ఎప్పుడూ చేయరు. ‘పిల్లవాడు నిద్రపోయాడు’ అన్నప్పుడు ఎవరు ఎక్కడికి పోయారని ఏ పిల్లవాడూ అడగడు. ‘దీపం కొండెక్కింది’ అంటే ఆరిపోయిందని మనకు తెలుసు, కొండ ఎక్కడుందని వెతకం. ‘పోవు’ అనే క్రియ నిద్రపోవడం, ఆరిపోవడం, పడిపోవడం, మరిచిపోవడం వంటి వాటిలో కదలికను వదిలేసి, మన అదుపులో లేకుండా ఒక స్థితి నుంచి మరొక స్థితికి జారడాన్ని సూచిస్తుంది. ఇంగ్లీషులో ‘అవుట్’ కూడా చాలా చోట్ల ఇలాంటి పనే చేస్తుంది.

దీపం ఆరిపోతే ‘ది లైట్ వెంట్ అవుట్’ అంటారు. మంట ఆర్పితే ‘పుట్ అవుట్ ది ఫైర్’ అంటారు. ఈ ‘అవుట్’లో బయటికి వెళ్ళడం లేదు, వెలుగు ఉండి లేకుండా పోవడం ఉంది. ‘పాస్ అవుట్’ను కూడా ఈ వరసలో పెట్టి చూడండి, తెలివి అనే దీపం కాసేపు ఆరిపోయినట్టు కనిపిస్తుంది. పుట్టుక ఎలా జరిగినా, గుర్తుపెట్టుకోవడానికి నేను తరగతిలో చెప్పిన దారి ఇది.

ఇక రెండవ ‘అవుట్’ మనకు బాగా తెలిసిన ‘బయటికి’. శిక్షణ ముగించుకొని సంస్థ గడప దాటి బయటికి రావడం అనే అర్థం దానితో వచ్చింది. మూడవ ‘అవుట్’ పంచిపెట్టడం. ‘హ్యాండ్ అవుట్’, ‘గివ్ అవుట్’ అన్నట్టే ‘పాస్ అవుట్ ది పేపర్స్’ అంటే తరగతిలో కాగితాలు అందరికీ పంచడం. చూడడానికి మాట ఒకటే గాని, లోపల మూడు వేరు వేరు ‘అవుట్’లు ఉన్నాయి.

వీటిని విడదీయడానికి వ్యాకరణం ఒక గుర్తు ఇస్తుంది. స్పృహ తప్పడం, శిక్షణ ముగించడం అనే అర్థాల్లో ఈ క్రియకు కర్మ ఉండదు. ఎవరు అన్నదే తప్ప, దేనిని అన్న ప్రశ్న రాదు. పంచిపెట్టడం అనే అర్థంలో కర్మ తప్పనిసరి, పైగా అది మధ్యలోకి కూడా వస్తుంది. ‘పాస్ అవుట్ ది పేపర్స్’ అనవచ్చు, ‘పాస్ ది పేపర్స్ అవుట్’ అని కూడా అనవచ్చు. అయితే సర్వనామం వచ్చినప్పుడు దానిని మధ్యలోనే ఉంచాలి. ‘పాస్ దెమ్ అవుట్’ సరైనది, ‘పాస్ అవుట్ దెమ్’ సరికాదు. ఈ ఒక్క నియమం దగ్గర మార్కులు పోగొట్టుకున్న విద్యార్థుల జవాబు పత్రాలు నేను లెక్కలేనన్ని దిద్దాను.

మీ వాక్యం సంగతికి వస్తే, అమెరికా పాఠకుడికి మొదట తట్టే అర్థం మీ బావగారు రాసినదే. కాబట్టి మార్చండి.

జవాబు 2: విశాఖ మాజీ సైనికుడు

పంతులుగారు రెండవ ‘అవుట్’ను ఒక్క వాక్యంలో దాటించారు గాని, అసలు కథ అంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. ఇది మనవాళ్ళు ఏమీ తెలియక పుట్టించిన మాట కాదు. బ్రిటిష్ ఇంగ్లీషులో సైనిక కళాశాలలో శిక్షణ పూర్తి చేసుకొని బయటికి రావడాన్ని ‘పాస్ అవుట్’ అనే అంటారు, నిఘంటువులు కూడా ఆ అర్థాన్ని సైన్యానికి ముడిపెట్టే ఇస్తాయి.

మన దేశంలో డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో 40 మంది కాడెట్లతో మొదలైంది. ‘పయనీర్స్’ అని పిలిచే ఆ మొదటి బ్యాచ్, అంటే తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన శామ్ మానెక్‌షా చదివిన బ్యాచ్, 1934 డిసెంబరులో శిక్షణ ముగించుకొని బయటికి వచ్చింది. ఈనాటికీ అక్కడ జరిగేది ‘పాసింగ్ అవుట్ పరేడ్’. కవాతు చివర కాడెట్లు చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి ‘అంతిమ్ పగ్’ అనే గీతను, అంటే కాడెట్‌గా వేసే చివరి అడుగును, దాటుతారు. ఆ అడుగు చూసినవారికి ‘అవుట్’ అన్న మాట ఎందుకుందో ఎవరూ వివరించనక్కరలేదు. అది అక్షరాలా దాటి బయటికి రావడమే.

హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఉన్న వైమానిక దళ అకాడమీలో అదే ఘట్టాన్ని ‘కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్’ అంటారు. శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ‘దీక్షాంత్ పరేడ్’ అంటారు. పత్రికలవారికి మాత్రం మూడూ ‘పాసింగ్ అవుట్ పరేడ్’లే. కానిస్టేబుళ్ళ శిక్షణ ముగిసినా జిల్లా పేజీలో అదే శీర్షిక పెడతారు.

ఇలా నిత్యం వినబడే మాట బారక్స్ గోడ దూకి కాలేజీలోకి వచ్చి ఉంటుందని నా ఊహ. పరీక్ష ‘పాస్’ కావడం అనే మాట అప్పటికే మన నోట నలుగుతూ ఉండడం దానికి కలిసివచ్చి ఉంటుంది. పాసై బయటికి వచ్చినవాడు పాసవుట్! వినేవాడికి చక్కగా అతికినట్టు తోస్తుంది. కాబట్టి దీనిని తప్పు అనేకన్నా భారతీయ ఇంగ్లీషు వాడుక అనడం న్యాయం. భారతదేశంలో ఉద్యోగానికి రాస్తుంటే మార్చవలసిన పని కూడా లేదని నా అభిప్రాయం.

ఒక సరదా సంగతి చెప్పి ముగిస్తాను. ఎండలో గంటల తరబడి కదలకుండా నిలబడితే కాడెట్లలో ఒకరిద్దరు సొమ్మసిల్లి పడిపోవడం కవాతు మైదానంలో మామూలే. అలా పడిపోయినవాడు ‘పాస్ అవుట్’ కాకముందే ‘పాస్ అవుట్’ అయ్యాడని తోటివారు ఏడిపిస్తారు. ఒకే మాట, ఒకే మైదానం, రెండు అర్థాలు.

జవాబు 3: లీడ్స్ నర్సు

పై జవాబులోని ఆ కాడెట్ నా దారికి వచ్చాడు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఎక్కువసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచిపోయి మెదడుకు చేరేది తగ్గుతుంది, అందువల్ల కాసేపు స్పృహ తప్పుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కాస్త పైకెత్తి ఉంచితే చాలా మందికి త్వరలోనే తెలివి వస్తుంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో కూడా రోగులు దీనిని ‘ఐ పాస్డ్ అవుట్’ అనే చెబుతారు. అంటే ఇది అమెరికాకు మాత్రమే పరిమితమైన అర్థమనుకోవద్దు. సైనిక అర్థం పుట్టిన దేశంలోనే రెండూ పక్కపక్కన బతుకుతున్నాయి, సందర్భమే వాటిని వేరు చేస్తుంది.

ఆసుపత్రిలో పనిచేసే తెలుగువారికి, లేదా తల్లిదండ్రులను ఇక్కడ వైద్యులకు చూపించేవారికి పనికివస్తుందని ఈ కుటుంబంలోని మాటలను కొంచెం విడదీసి చెబుతాను. ‘ఫెయింట్’ అన్నా ‘పాస్ అవుట్’ అన్నా స్పృహ తప్పడమే గాని, మొదటిది కాస్త మెత్తని మాట, రెండవది రోజువారీ మాట. తాగి పడిపోయినవాడి గురించి ‘ఫెయింట్’ అని సాధారణంగా అనరు, ‘పాస్ అవుట్’ అనే అంటారు. రోజంతా పనిచేసి వచ్చి సోఫాలో వాలినవాడిని కూడా ‘హి పాస్డ్ అవుట్ ఆన్ ది సోఫా’ అంటారు. అక్కడ జబ్బేమీ లేదు, మన భాషలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు అనడమే. ‘బ్లాక్ అవుట్’ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అది స్పృహ తప్పడం కావచ్చు, లేదా మనిషి మేలుకొని తిరుగుతూనే ఉండి ఆ తరువాత ఏం జరిగిందో గుర్తులేకపోవడం కూడా కావచ్చు. ఎవరైనా కొట్టడం వల్లనో, మందు వల్లనో స్పృహ పోతే ‘నాక్డ్ అవుట్’. తిరిగి తెలివి రావడానికి ‘కేమ్ టు’ అని గాని, ఇక్కడి అలవాటులో ‘కేమ్ రౌండ్’ అని గాని అంటారు.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్పేటప్పుడు చిక్కు ఇంకొక చోట ఉంది. మనం ‘మూర్ఛపోయింది’ అంటే స్పృహ తప్పిందని, ‘మూర్ఛ వచ్చింది’ అంటే ఫిట్స్ వచ్చాయని అర్థం చేసుకుంటాం. ఒక పెద్దావిడ గురించి వాళ్ళ అబ్బాయి ఫోనులో ‘అమ్మకు మూర్ఛ వచ్చింది’ అని చెబితే, దానిని ఇంగ్లీషులో ఎవరో ‘సీజర్’, అంటే ఫిట్స్, అని అనువదించారు. అసలు జరిగింది మంచం మీద నుంచి గబుక్కున లేవడంతో కళ్ళు తిరిగి పడిపోవడం. వైద్యులు అడిగే ప్రశ్నలు, చేయించే పరీక్షలు ఈ రెండింటికీ వేరుగా ఉంటాయి. కాబట్టి కళ్ళు తిరిగి పడిపోతే ‘పాస్డ్ అవుట్’ అని స్పష్టంగా చెప్పండి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయా లేదా అన్నది విడిగా చెప్పండి.

ఇంకొక్క మాట. కంగారులో ‘అవుట్’ బదులు ‘అవే’ అనకండి. ‘పాస్డ్ అవే’ అంటే కాలం చేశారు అని. మనం ‘చనిపోయారు’ అనకుండా ‘పోయారు’, ‘కాలం చేశారు’ అన్నట్టే అది వాళ్ళ మర్యాద మాట. ఏమీ చేర్చకుండా ‘హి పాస్డ్’ అన్నా అమెరికావారు చాలా మంది ఆ అర్థమే తీసుకుంటారు.

జవాబు 4: అట్లాంటా అమ్మ

పంతులుగారు చెప్పిన మూడవ ‘అవుట్’ నాకు ఎలా పరిచయమైందో చెబుతాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా పాప బడి నుంచి ఉపాధ్యాయిని ఈ-మెయిల్ పంపారు. శుక్రవారం రిపోర్ట్ కార్డులు ‘పాస్ అవుట్’ చేస్తామని అందులో ఉంది. పాప పాసైందన్న సంతోషంతో ఇంట్లో పాయసం కూడా వండాను. కార్డులు పంచుతామని మాత్రమే చెప్పారని సాయంత్రం మా వారు వచ్చాక తెలిసింది. పాయసం వృథా కాలేదనుకోండి.

జవాబు 5: పాత పంతులు

సైనిక మిత్రులు చెప్పిన చరిత్రకు కృతజ్ఞతలు. ‘తప్పు’ అన్న మాట నేనూ వాడలేదు, ‘మార్చండి’ అన్నాను. రెండింటికీ తేడా ఉంది. ఏ మాటైనా చదివేవాడి తలలో ఏ బొమ్మ గీస్తుందో చూసుకొని రాయాలి. మన దేశంలో చదివేవాడికి కాలేజీ గేటు కనిపిస్తుంది, టెక్సస్‌లో చదివేవాడికి నేల మీద పడిన మనిషి కనిపిస్తాడు.

అయితే ఇందులో నేను నిజంగా తప్పు అనేది ఒకటుంది, దానిని ఇప్పటివరకు ఎవరూ ప్రస్తావించలేదు. తెలుగు ఏ ఇంగ్లీషు మాటను తెచ్చుకున్నా దానికి ‘అవు’ గాని ‘చేయు’ గాని తగిలించి మన క్రియగా మార్చుకుంటుంది. పాసయ్యాను, ఫెయిలయ్యాను, రిటైరయ్యాను, పాసవుటయ్యాను. ఇది తెలుగుకు సహజం, అందంగా కూడా ఉంటుంది. చిక్కు తిరుగు ప్రయాణంలో వస్తుంది. ‘అయ్యాను’ అన్న ముక్కను కూడా ఇంగ్లీషులోకి మోసుకుపోయి ‘ఐ యామ్ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అనో, ‘ఐ వజ్ పాస్డ్ అవుట్’ అనో రాస్తారు. ‘రిటైరయ్యాను’ను ‘ఐ యామ్ రిటైర్డ్ ఇన్ 2015’ అని రాయడం కూడా ఈ జబ్బే. ‘ఐ పాస్డ్ అవుట్’ అంటే కనీసం భారతీయ వాడుక అని సమర్థించుకోవచ్చు. ‘ఐ వజ్ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అంటే ఆ సంవత్సరంలో స్పృహ లేకుండా పడి ఉన్నాను అని అర్థం వస్తుంది, దానికి ఏ సైన్యమూ అండగా రాదు.

మరి ఏమి రాయాలి? డిగ్రీ అయితే ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022’. ఇది ఎక్కడైనా చెల్లుతుంది. కాలేజీ పేరు చెప్పదలచుకుంటే మధ్యలో ‘ఫ్రమ్’ ఉంచండి. అది లేకుండా ‘గ్రాడ్యుయేటెడ్ కాలేజ్’ అనడం అమెరికాలో వినబడుతుంది గాని, పట్టింపు ఉన్నవారు ముఖం చిట్లిస్తారు. ఇంటర్మీడియట్ గురించైతే ‘కంప్లీటెడ్’ అనండి. అమెరికాలో హైస్కూలు ముగించినా ‘గ్రాడ్యుయేట్’ అయినట్టే, బ్రిటన్‌లో మాత్రం ఆ మాటను ప్రధానంగా విశ్వవిద్యాలయానికే ఉంచుకుంటారు. ‘2022 పాసవుట్స్’ అన్న నామవాచకానికి ‘2022 గ్రాడ్యుయేట్స్’ సరిపోతుంది. ‘క్లాస్ ఆఫ్ 2022’ అన్నా అంతే, ఎందుకంటే అమెరికాలో ఆ సంవత్సరం చదువు ముగించిన ఏడాదిని సూచిస్తుంది. మనం ‘2018 బ్యాచ్’ అన్నప్పుడు చేరిన సంవత్సరమో, ముగించిన సంవత్సరమో చెప్పేవారి అలవాటును బట్టి మారుతుంది కాబట్టి, ఆ మాటను యథాతథంగా దాటించకండి.

కాకినాడ సివిల్

అందరికీ ధన్యవాదాలు. ఇంత చర్చ జరుగుతుందని అనుకోలేదు. వాక్యాన్ని ఇలా మార్చాను: ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022 విత్ ఎ డిగ్రీ ఇన్ సివిల్ ఇంజనీరింగ్, అండ్ జాయిన్డ్ ఎ కన్‌స్ట్రక్షన్ ఫర్మ్ ద సేమ్ ఇయర్.’ పంతులుగారూ, చివరిగా ఒక్క సందేహం. వ్యాసంతో పాటు పంపే రెజ్యూమెలో చదువుల పట్టిక ఉంది. అందులో మన మార్కుల మెమోల పద్ధతిలోనే ఒక గడికి ‘ఇయర్ ఆఫ్ పాసింగ్’ అని పేరు పెట్టాను. అందులో ‘అవుట్’ లేదు కదా, ఉంచవచ్చా?

పాత పంతులు

ఉంచకండమ్మా. నర్సుగారి జవాబులో చివరి రెండు వాక్యాలు మళ్ళీ ఒకసారి చదవండి. ‘హిజ్ పాసింగ్’ అంటే ఆయన మరణం. ఆ గడి శీర్షికను అమెరికావారు చదివితే, పదవ తరగతికి ఒకసారి, ఇంటర్‌కు ఒకసారి, ఇంజనీరింగ్‌కు ఒకసారి, మొత్తం మూడుసార్లు కాలం చేసినట్టు పట్టిక వేసుకున్నారని నవ్వుకోగలరు. సందర్భం చూసి చాలా మంది అర్థం చేసుకుంటారు లెండి, అయినా ‘ఇయర్ ఆఫ్ కంప్లీషన్’ అని మార్చడానికి పట్టేది అర నిమిషం. మెమోల నకళ్ళ మీద ఉన్నది మాత్రం ముట్టుకోకండి, బోర్డు ముద్రించినది ముద్రించినట్టే వెళ్ళాలి.

కాకినాడ సివిల్

మార్చేశానండీ. బావగారు రెజ్యూమె ఇంకా తెరవలేదు, ఆయన చూడకముందే కొత్తది పంపిస్తున్నాను.